చిప్పింగ్ హ్యామర్ డిజైన్ మెరుగుపరచడం ఎలా: దెబ్బ ఉలికి పోవాలి, చేతికి రాకూడదు

చిప్పింగ్ హ్యామర్ అంటే బారెల్ అనే గొట్టంలో గాలి ఒత్తిడితో పిస్టన్ ముందుకీ వెనక్కీ ఆడుతూ ఉలిని కొట్టే చేతి టూల్, దాంతో మెటల్ చెక్కుతారు. ఈ ఎయిర్ హ్యామర్ సరిగ్గా కొట్టట్లేదు అనగానే చాలామంది మొదట చేసే పని ప్రెషర్ పెంచడం, అది కుదరకపోతే బోర్ (బారెల్ లోపలి వ్యాసం) పెద్దది చేయడం. నేను కూడా మొదట్లో అదే చేశాను. దెబ్బ పెరిగింది నిజమే, కానీ దాంతో పాటు చేతికొచ్చే అదురు కూడా పెరిగింది, పట్టుకున్నవాళ్లు పావుగంటకే కింద పెట్టేసేవాళ్లు, అంటే రోజు మొత్తం మీద తీసిన మెటల్ ఇంకా తగ్గింది. అప్పట్నుంచి నేను డిజైన్‌ని చూసే పద్ధతి మారిపోయింది: హోస్‌లోంచి వచ్చిన గాలి శక్తిలో ఎంత ఉలి మొనకి చేరింది, ఎంత తిరిగి చేతిలోకి వచ్చింది. ప్రతి మార్పుకీ ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసిపోతుంది.

ఇది చిన్న విషయం కాదండి. గాలి సుత్తులతో రాయి చెక్కేవాళ్ల వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారిపోతున్నాయని 1918లోనే ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరు అమెరికాలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాయి క్వారీల దగ్గర చూసి రిపోర్ట్ రాశారు. నూరేళ్లు దాటింది, ఇప్పటికీ అదే జబ్బు వస్తోంది, ముదిరాక మళ్లీ మామూలు కావడం చాలా కష్టం. అందుకే ఈ గైడ్‌లో చేతి గురించి ఎక్కువ రాశాను.

అడుగు 1: ముందు ఉన్నదాన్ని కొలవండి

కొలవకుండా మార్చొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. కావాల్సినవి నాలుగే.

ఒకటి, టూల్ నడుస్తున్నప్పుడు ప్రెషర్. కంప్రెసర్ దగ్గర గేజ్‌లో 7 బార్ చూపిస్తే టూల్ దగ్గర 7 బార్ ఉన్నట్టు కాదు. టూల్ ఇన్‌లెట్ దగ్గర ఒక టీ (మూడు దారుల జాయింట్) పెట్టి గేజ్ బిగించి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి, ఉలి గట్టి మెటల్ మీద పెట్టి కొడుతుండగా రీడింగ్ చూడండి. చాలా టూల్స్ 6.3 బార్‌కి డిజైన్ చేసి ఉంటాయి, అక్కడ 5 చూపిస్తుంటే మీ సమస్య హ్యామర్‌లో లేదు, దారిలో ఉంది.

రెండు, నిమిషానికి ఎన్ని దెబ్బలు. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, ఫోన్‌లో సౌండ్ రికార్డ్ చేసి స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లో పెడితే దెబ్బల ఫ్రీక్వెన్సీ, దాని రెట్లు గీతల్లా కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న గీతని 60తో గుణిస్తే నిమిషానికి దెబ్బలు.

మూడు, పని. ఒకే రకం స్టీల్ ముక్క, ఒకే ఉలి, ఒకే మనిషి, 2 నిమిషాలు కొట్టి ముందూ తర్వాతా ముక్కని తూకం వేయండి. నాకు ఈ కొలత అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే ఇందులో మోసం ఉండదు, తగ్గిన గ్రాములు తగ్గినట్టే.

నాలుగు, వైబ్రేషన్. ఇక్కడ ఒక పెద్ద గోతి ఉంది. దెబ్బ కొట్టే టూల్ మీద మామూలు పీజో యాక్సిలరోమీటర్ (వైబ్రేషన్ కొలిచే సెన్సర్) నేరుగా బిగిస్తే, ఆ షాక్‌కి సెన్సర్ సిగ్నల్ పక్కకి జరిగిపోయి (దీన్ని డీసీ షిఫ్ట్ అంటారు) తక్కువ ఫ్రీక్వెన్సీలో లేని వైబ్రేషన్ ఉన్నట్టు చూపిస్తుంది. సెన్సర్ కింద మెకానికల్ ఫిల్టర్ పెట్టాలి, అంటే ఆ పదునైన షాక్‌ని మింగే మెత్తటి మౌంట్ అన్నమాట. ఇది తెలియక ఒకసారి మంచి డిజైన్‌నే పనికిరాదని పక్కన పెట్టేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. కొలిచే పద్ధతి ఐఎస్ఓ 5349లో ఉంది, హ్యామర్లకి టెస్ట్ ఎలా చేయాలో ఐఎస్ఓ 28927 సిరీస్‌లో ఉంది.

ఎంత ఉంటే ఎంత ప్రమాదమో ఒక లెక్క. యూరప్ 2002 రూల్ ప్రకారం 8 గంటల సగటు వైబ్రేషన్ 2.5 దాటితే చర్యలు మొదలుపెట్టాలి, 5 అసలు దాటకూడదు, రెండూ మీటర్ పర్ సెకండ్ స్క్వేర్‌లో. టూల్ వైబ్రేషన్ 10 ఉంటే అరగంటలోనే మొదటి గీత, 2 గంటల్లో రెండో గీత దాటేస్తాం. అదే 20 ఉంటే? ఏడున్నర నిమిషాలు, అరగంట. వైబ్రేషన్ సగమైతే పని చేయగలిగే టైమ్ నాలుగు రెట్లు అవుతుంది, ఈ ఒక్క సంగతి మేనేజర్లకి చూపిస్తే చాలు, డిజైన్‌కి డబ్బులు వస్తాయి.

అడుగు 2: కాగితం మీద ఒక్కసారి లెక్క వేయండి

ఉదాహరణకి ఒక మధ్య సైజు హ్యామర్ తీసుకుందాం: బోర్ 28 మి.మీ., స్ట్రోక్ 75 మి.మీ., పిస్టన్ 0.4 కేజీ, బాడీ 6 కేజీలు, ప్రెషర్ 6 బార్.

పిస్టన్ ఏరియా 616 చదరపు మి.మీ., దాని మీద గాలి తోపు దాదాపు 370 న్యూటన్లు. స్ట్రోక్‌తో గుణిస్తే 27.7 జౌల్స్. కానీ గాలి పోర్టుల్లోంచి రావాలి, ముందున్న గాలి బయటికి పోవాలి, కొంత లీక్ అవుతుంది, కాబట్టి సగం అంటే 14 జౌల్స్ అనుకుందాం. అప్పుడు పిస్టన్ ఉలిని తాకే వేగం సెకనుకి 8.4 మీటర్లు. పోనూ రానూ టైమ్ కలిపితే 37 మిల్లీసెకన్లు దగ్గర్లో వస్తుంది, అంటే సెకనుకి 27 దెబ్బలు, నిమిషానికి 1600 పైచిలుకు.

ఇప్పుడు చేతి వైపు. పిస్టన్ 8.4తో వెళ్లి కొట్టి, అందులో ఐదో వంతు వేగంతో వెనక్కి ఎగిరిందనుకుంటే ప్రతి దెబ్బకీ 4 న్యూటన్ సెకన్ల ఇంపల్స్, దాన్ని 27తో గుణిస్తే దాదాపు 110 న్యూటన్లు. అంటే హ్యామర్ ఎగిరిపోకుండా ఉండాలంటే మనిషి 11 కేజీల బరువు ఆపినట్టు ఎప్పుడూ నొక్కుతూనే ఉండాలి. ఇక అదురు: పిస్టన్ 75 మి.మీ. ముందుకెళ్తే బాడీ వెనక్కి వెళ్తుంది, ఎంతంటే 0.4ని 75తో గుణించి 6తో భాగిస్తే 5 మి.మీ. ఎవరూ పట్టుకోకుండా గాల్లో వదిలేస్తే ప్రతి దెబ్బకీ బాడీ 5 మి.మీ. ఊగుతుంది, చెయ్యి దాన్ని ఆపాలని చూస్తుంది, ఆ పోరాటమే సాయంత్రానికి తిమ్మిరిగా మిగులుతుంది.

మీ టూల్ నంబర్లు పెట్టి ఈ లెక్క ఒకసారి వేసుకోండి, ముందు ముందు ప్రతి అడుగులో పనికొస్తుంది.

అడుగు 3: టూల్ బయట పోతున్నది ఆపండి

ఇది త్వరగా చెప్పేస్తా. దెబ్బ ఎనర్జీ ప్రెషర్‌తో పాటు మారుతుంది, దెబ్బల సంఖ్య ప్రెషర్ వర్గమూలంతో మారుతుంది, రెండూ కలిస్తే 6.3 బార్ బదులు 5.3 వస్తే పవర్‌లో పావు వంతు దగ్గరగా, 23 శాతం పోతుంది. హోస్‌లో ప్రెషర్ డ్రాప్ లోపలి వ్యాసం ఐదో పవర్‌కి విలోమంగా ఉంటుంది, కాబట్టి 12.5 మి.మీ. హోస్ తీసి 19 మి.మీ. వేస్తే డ్రాప్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది. హోస్ బరువైతే చివరి మీటరు మాత్రం సన్నది, మెత్తది పెట్టుకోవచ్చు. చిన్న నోరున్న క్విక్ కప్లింగులు కూడా బాగా మింగేస్తాయి, వాటినీ చూడండి. ఇవన్నీ చేయకుండా హ్యామర్ విప్పితే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

అడుగు 4: బారెల్, పిస్టన్ మధ్య సందు

సన్నటి సందులోంచి లీకేజీ దాదాపు ఆ సందు మూడో పవర్‌తో పెరుగుతుంది. 0.03 మి.మీ. కాస్తా అరిగి 0.06 అయితే లీక్ రెట్టింపు కాదు, 8 రెట్లు. అందుకే పాత హ్యామర్ ఒక్కసారిగా నీరసపడినట్టు అనిపిస్తుంది. కొత్త డిజైన్‌లో బోర్‌ని హోనింగ్ చేసి, పిస్టన్‌ని గ్రైండ్ చేసి, రెండూ జతగా ఎంచి వేయండి, బారెల్ గట్టిపరిచిన కేస్ హార్డెనింగ్ స్టీల్ అయితే ఎక్కువ కాలం సందు నిలబడుతుంది. మరీ బిగుతుగా పెట్టినా ప్రమాదమే, వేడికి పట్టేస్తుంది, ఒక చిన్న నూలు పోగంత మట్టి చాలు ఇరుక్కుపోవడానికి. పిస్టన్ మీద చుట్టూ రెండు మూడు సన్నటి గాడులు పెడితే ఆయిల్ నిలుస్తుంది, మట్టి కూడా అందులో కూర్చుంటుంది.

వాడిన పిస్టన్ ఒకటి బయటికి తీసి లైట్ కింద తిప్పి చూడండి. చుట్టూ సమానంగా మెరుస్తుంటే బాగుంది. ఒక వైపే మెరుపు ఉండి, రెండో వైపు చివరలో ఇంకో మెరుపు ఉంటే పిస్టన్ వంకరగా నడుస్తోంది, అంటే ముందున్న ఉలి బుష్ (ఉలి కూర్చునే గొట్టం) అరిగింది లేదా బోర్‌కీ బుష్‌కీ సెంటర్ కలవలేదు. కొట్టే ముఖం మధ్యలో గుండ్రటి మచ్చ ఉండాలి, అంచున నెలవంకలా ఉంటే ఉలి వాలి దెబ్బ తింటోంది. పిస్టన్ మారిస్తే ఇది పోదు, బుష్ పొడవు పెంచాలి. నా అనుభవంలో బుష్ పొడవు పెంచడం అంత చవకైన, అంత లాభమైన మార్పు ఇంకోటి లేదు.

అడుగు 5: పిస్టన్ బరువు, ఆకారం

అసలు డిజైన్ ఇక్కడే ఉంది, ఓపిగ్గా చదవండి.

పిస్టన్ బరువు పెంచితే దెబ్బ పెరుగుతుంది అనేది సగం నిజం. అదే గాలి, అదే స్ట్రోక్ అయితే ఎనర్జీ దాదాపు అంతే ఉంటుంది, వేగం తగ్గుతుంది, దెబ్బల సంఖ్య తగ్గుతుంది. మనిషి నొక్కాల్సిన సగటు బలం పెద్దగా మారదు, ఎందుకంటే ఒక్కో దెబ్బ ఇంపల్స్ ఎంత పెరిగిందో దెబ్బల సంఖ్య అంత తగ్గింది. కానీ బాడీ ఊగడం మాత్రం పెరుగుతుంది, మన ఉదాహరణలో 0.4 బదులు 0.6 కేజీ పెడితే 5 మి.మీ. కాస్తా 7.5 అవుతుంది. పైగా చేతికి హాని చేసే వైబ్రేషన్‌ని లెక్కేసే వెయిటింగ్ (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత ఎక్కువగా లెక్కలోకి తీసుకోవాలో చెప్పేది) 8 నుంచి 16 హెర్ట్జ్ దగ్గర అన్నిటికన్నా ఎక్కువ, ఆ పైన తగ్గుతూ పోతుంది, కాబట్టి దెబ్బల సంఖ్య తగ్గించి ఆ ప్రాంతం వైపు జరగడం రెండు విధాలా నష్టం.

మరి తేలిక పిస్టన్ పెట్టేద్దామా? అక్కడ స్టీల్ ఒప్పుకోదు. ఒకే సైజు రెండు స్టీల్ రాడ్లు ఢీకొంటే, వేగం సెకనుకి 1 మీటర్ ఉన్నప్పుడు దాదాపు 20 మెగాపాస్కల్ స్ట్రెస్ పుడుతుంది. 8.4 మీటర్లకి 168. వేగం 10 దాటిస్తే 200 పైన, అది కూడా సెకనుకి 27 సార్లు, కాబట్టి ఉలి శాంక్ (టూల్ లోపలికి వెళ్లే ఉలి వెనక భాగం) అలసిపోయి విరుగుతుంది. ఉలి సన్నగా, పిస్టన్ లావుగా ఉంటే ఇంకా ఘోరం: 28 మి.మీ. పిస్టన్ 17 మి.మీ. శాంక్‌ని కొడితే మొదటి స్ట్రెస్ 240 దాకా పోతుంది, పైగా ఎనర్జీ ఒక్క అలలో వెళ్లదు, ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, ఆ వెనక వచ్చే ముక్కల్లో చాలా భాగం మెటల్‌ని కొయ్యడానికి పనికిరాదు.

కాబట్టి మెరుగైన దారి పొడవైన, సన్నటి పిస్టన్. పిస్టన్ పొడవుకి రెట్టింపు పొడవున్న స్ట్రెస్ వేవ్ ఉలిలోకి వెళ్తుంది. 28 మి.మీ. వ్యాసంతో 0.4 కేజీ పిస్టన్ 83 మి.మీ. పొడవుంటుంది, అదే బరువు 20 మి.మీ. వ్యాసంతో చేస్తే 160 దాటుతుంది, స్ట్రెస్ తగ్గి వేవ్ రెట్టింపు సేపు ఉంటుంది, ఉలి మొన మెటల్‌లోకి మరింత నింపాదిగా దిగుతుంది. కానీ 20 మి.మీ. బోర్ మీద గాలి తోపు సగమే కాబట్టి అదే ఎనర్జీకి స్ట్రోక్ పెంచాలి, టూల్ పొడుగవుతుంది. అది కుదరని చోట మెట్టు పిస్టన్ చేయండి: వెనక భాగం గాలి కోసం లావుగా, ముందు ముక్కు ఉలి శాంక్ సైజుకి దగ్గరగా. మెట్టు దగ్గర పదునైన మూల అస్సలు వదలొద్దు, మంచి రేడియస్ ఇవ్వండి, లేదంటే పగులు అక్కడే మొదలవుతుంది. కొట్టే ముఖాన్ని చదునుగా కాకుండా కొంచెం ఉబ్బుగా గ్రైండ్ చేస్తే ఉలి కాస్త వాలినా అంచు పెచ్చులూడదు. పిస్టన్ ముఖం గట్టిగా, ఉలి శాంక్ చివర దానికన్నా కాస్త మెత్తగా ఉంచితే అరిగేది మార్చడానికి తేలికైన భాగమే అవుతుంది.

అడుగు 6: వాల్వ్, పోర్టులు, ఖాళీ దెబ్బ

పిస్టన్ వెనక్కి వచ్చేటప్పుడు బ్యాక్‌హెడ్‌ని (బారెల్ వెనక మూతని) తాకకూడదు. ఎగ్జాస్ట్ పోర్టుని కాస్త ముందే మూసేస్తే, వెనక మిగిలిన గాలి నొక్కుకుని దిండులా ఆపుతుంది, ఆ నొక్కుకున్న గాలే తర్వాతి దెబ్బకి తోపు కూడా ఇస్తుంది. పోర్టు 2 మి.మీ. జరిపి చూస్తూ దెబ్బల సంఖ్య, వైబ్రేషన్ రెండూ రాసుకోండి, మంచి చోటు ఎక్కడో రెండు మూడు ప్రయత్నాల్లో దొరుకుతుంది. బ్యాక్‌హెడ్ లోపల మెరుస్తున్న దెబ్బ మచ్చ ఉంటే ఆ దిండు చాలట్లేదని అర్థం.

ముందు వైపు ఇంకో సమస్య. ఉలి పని మీద లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ పోయి బారెల్ ముందు భాగాన్ని, రిటైనర్‌ని (ఉలి బయటికి ఎగిరిపోకుండా పట్టి ఉంచే భాగాన్ని) బాదుతుంది. ఉలి ముందుకు జారినప్పుడు పిస్టన్ ఇంకా ముందుకొచ్చి ఒక పోర్టుని దాటేలా, అక్కడ ముందు గాలి చిక్కుకుని దిండయ్యేలా, వెనక్కి తోసే గాలి బయటికి పోయేలా పెడితే టూల్ దానంతటదే ఆగిపోతుంది, ఉలిని నొక్కగానే మళ్లీ మొదలవుతుంది. రిటైనర్లు విరిగి ఉలి ఎగిరిపోయే ప్రమాదం దీంతో బాగా తగ్గుతుంది.

త్రాటిల్ (ట్రిగ్గర్ నొక్కితే గాలి వదిలే వాల్వ్) నెమ్మదిగా తెరుచుకునేది పెట్టండి, మొదటి రెండు దెబ్బలు చిన్నగా కొట్టి గాటు పెట్టుకోవడానికి వీలుగా. వదలగానే మూసుకోవాలి, లాక్ బటన్ పెట్టొద్దు.

అడుగు 7: చేతికి అడ్డుగోడ

బాడీ బరువు పెంచితే ఊగడం తగ్గుతుంది, కానీ మోసేది మనిషే కదా. అందుకని కొట్టే మెకానిజం మొత్తాన్ని ఒక బయటి కేసింగ్‌లో స్ప్రింగ్ మీద తేలేలా పెట్టడం మంచి పద్ధతి. సూత్రం ఇది: స్ప్రింగ్, కేసింగ్ కలిసిన సహజ ఫ్రీక్వెన్సీ దెబ్బల ఫ్రీక్వెన్సీలో మూడో వంతు ఉండాలి. మన హ్యామర్ 27 హెర్ట్జ్ కాబట్టి 9 కావాలి. బయటి కేసింగ్ 2 కేజీలైతే స్ప్రింగ్ స్టిఫ్‌నెస్ మి.మీ.కి 6.4 న్యూటన్లు. థియరీలో లోపలి ఊగుడులో ఎనిమిదో వంతే బయటికి వస్తుంది, నిజంలో రాపిడి, ఉలి నుంచి తిరిగొచ్చే షాక్ వల్ల అంత రాదు, అయినా తేడా పట్టుకున్న క్షణంలో తెలుస్తుంది.

తప్పులు జరిగేది ఇక్కడే. ఆ స్ప్రింగ్ 110 న్యూటన్లు నొక్కితే 17 మి.మీ. దిగుతుంది, కాబట్టి ప్రయాణానికి అంతకన్నా బాగా ఎక్కువ చోటు వదలాలి. చోటు చాలక అడుగు తాకిందంటే ప్రతి దెబ్బకీ లోహం లోహాన్ని బాదుతుంది, అసలు స్ప్రింగ్ లేని టూలే నయం అనిపిస్తుంది. ముందు నుంచే కొంత బిగువు పెట్టి కూర్చోబెడితే ప్రయాణం తగ్గించుకోవచ్చు. ఇంకా మంచిది ఎయిర్ స్ప్రింగ్: గాలి ఎలాగూ టూల్‌లో ఉంది, చిన్న చాంబర్‌కి దాన్నే పంపితే ఎంత జరిగినా తోపు దాదాపు ఒకేలా ఉంటుంది, స్టిఫ్‌నెస్ తక్కువ, ప్రయాణం కూడా తక్కువ. చాంబర్ వాల్యూమ్ ఎంత పెద్దదైతే అంత మెత్తగా ఉంటుంది. హ్యాండిల్ మీద రబ్బరు తొడుగు వేసి వైబ్రేషన్ తగ్గించాం అనుకోవద్దు, అది పట్టుకోవడానికీ, చల్లదనం తగలకుండా ఉండటానికీ పనికొస్తుంది, 27 హెర్ట్జ్‌ని ఆపలేదు.

రెండో చేతిని చాలామంది డిజైనర్లు మర్చిపోతారు. ఫెట్లింగ్ (పోత పోసిన ముక్కల మీద అదనపు మెటల్ తీసే పని) చేసేవాళ్లు ఎడమ చేత్తో నేరుగా ఉలినే పట్టుకుంటారు, ఎక్కడ కొట్టాలో అలా కుదురుతుంది కాబట్టి. అక్కడ వైబ్రేషన్ హ్యాండిల్ కన్నా చాలా ఎక్కువ. ఉలి మీద వదులుగా తిరిగే తొడుగు పెట్టండి, లోపల మెత్తటి ఎలాస్టోమర్ (రబ్బరు లాంటి పదార్థం), బయట పట్టు దొరికే గట్టి గొట్టం, ఇది టూల్‌తో పాటే ఇవ్వండి, విడిగా కొనమంటే ఎవరూ కొనరు.

అడుగు 8: ఎగ్జాస్ట్

బయటికొచ్చే గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, తేమ ఉంటే పోర్టులో మంచు పట్టి టూల్ నెమ్మదిస్తుంది, వేళ్లకి చలి తగిలితే తెల్లబడే జబ్బు ఇంకా త్వరగా లేస్తుంది. కాబట్టి ఎగ్జాస్ట్ చేతి మీదకి కాకుండా ముందు పక్కకి, ముఖానికి దూరంగా, పోర్టులు ఇన్‌లెట్ కన్నా పెద్దగా, లోపల పదునైన మలుపులు లేకుండా. మఫ్లర్ పెట్టాక ఒకసారి, తీసేసి ఒకసారి దెబ్బలు లెక్కపెట్టండి, తీసేస్తే సంఖ్య పెరిగిందంటే మఫ్లర్ గొంతు నొక్కుతోంది, దాని వాల్యూమ్ పెంచాలి. ఉలి మెటల్ మీద చేసే మోత మఫ్లర్‌తో పోదు, చెవులకి రక్షణ ఎలాగూ కావాలి.

అడుగు 9: ఒక్కో మార్పు, ఒక్కో టెస్ట్

రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ప్రతి మార్పు తర్వాత అడుగు 1లోని నాలుగు కొలతలూ మళ్లీ తీసి, తీసిన గ్రాముల్ని వైబ్రేషన్ స్క్వేర్‌తో భాగించి ఒక నంబర్ రాసుకోండి. ఎందుకు స్క్వేర్ అంటే చెయ్యి ఓర్చుకునే టైమ్ వైబ్రేషన్ స్క్వేర్‌తోనే తగ్గుతుంది కాబట్టి. ఈ నంబర్ పెరిగితే ఉంచండి, తగ్గితే దెబ్బ ఎంత బలంగా అనిపించినా వెనక్కి తీసేయండి. సేఫ్టీ వైపు ఏమేం చూడాలో ఐఎస్ఓ 11148 నాలుగో భాగంలో ఉంది, రిటైనర్‌కి రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం లాంటివి ప్రోటోటైప్‌లో కూడా చేయొద్దు.

నంబర్లు బాగా వచ్చాక రోజూ దాంతోనే పనిచేసే ఇద్దరు ముగ్గురికి ఇచ్చి ఒక షిఫ్ట్ వాడమనండి, మీరు పక్కనే ఉండండి, మాట్లాడకుండా చేతులు చూడండి. పట్టు ఎక్కడికి జరుపుతున్నారు, ఎడమ చెయ్యి తొడుగు మీదే ఉందా ఉలి మీదకి జారిందా, ఎంతసేపటికి విదిలించుకుంటున్నారు. తర్వాత 50 గంటలు నడిచాక విప్పి బోర్ మూడు చోట్ల కొలవండి, పిస్టన్ ముఖం మీద మచ్చ ఎక్కడుందో ఫోటో తీసుకోండి, స్ప్రింగ్ అడుగు తాకిన గుర్తులు ఉన్నాయేమో వెతకండి. ఆ గుర్తు కనిపిస్తే అడుగు 7కి మళ్లీ వెళ్లాలి.